మా వదిన గీసిన దిగులు

ఈ మధ్య మా అపార్ట్‌మెంట్‌లో ఉండే పొరుగావిడ నన్ను పొద్దున్నే బీచ్ రోడ్డుకు తీసుకెళ్ళింది. మోకాళ్ళకు నడక మంచిదంటే సరేనని బయలుదేరాను గాని, అక్కడ నడవడం కంటే ముందు నవ్వాలట. నా వయసువాళ్ళంతా గుండ్రంగా నిలబడి, చేతులు పైకెత్తి, ఎవరూ ఏ హాస్యమూ ఆడకుండానే పెద్దపెట్టున నవ్వుతున్నారు. తెల్లటోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి మధ్యలో నిలబడి, దిగులనేది ఒంట్లో చేరిన విషమనీ, రోజూ పొద్దున్నే దాన్ని సముద్రంలోకి ఊదేసి ఇంటికి పోవాలనీ చెబుతున్నాడు. నేనూ చేతులెత్తాను, నవ్వాను కూడా. ఆ నవ్వుతో నలుగురికీ కాస్త ఊపిరాడుతోందంటే నాకు సంతోషమే. కాని తిరిగి వస్తున్నంతసేపూ నాకు మా వదినే గుర్తొచ్చింది. ఆవిడే ఉండి ఆ మాట వింటే కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి, పాపం దిగులు మీకేం అపకారం చేసిందండీ అని ఆ పెద్దమనిషిని నిలదీసి ఉండేది.

వదిన అంటే మావారి అక్కగారు. నేను పుట్టిందీ పెరిగిందీ గోదావరి పక్కన. డెబ్భయ్యో దశకం మధ్యలో పెళ్ళయి, విశాఖపట్నం వన్ టౌన్‌లో రెండు రిక్షాలు ఎదురైతే ఒకటి వెనక్కి పోవలసిన ఒక సందులోకి కాపురానికి వచ్చాను. మావారు పోర్టులో పనిచేసేవారు. మామగారు అప్పటికే కాలం చేశారు. ఇంట్లో మా అత్తగారూ, పెళ్ళి చేసుకోని మా వదినా, మేమిద్దరం. అత్తగారిది శ్రీకాకుళం వైపు పల్లె. ఆవిడ గబగబా మాట్లాడితే మొదట్లో నాకు సగం అర్థమయ్యేది కాదు. “ఏటి సేత్తన్నావే” అని ఆవిడ ప్రేమగా అడిగినా, నేనేదో తప్పు చేశానేమోనని ఉలిక్కిపడేదాన్ని. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల కాపురమున్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఓడల్లోకెత్తే ఇనుప రాయి ధూళి గాలికి లేచి వచ్చి మేడమీద ఆరేసిన బట్టలన్నిటికీ ఎర్రటి పొడ వేసేది. మా పెళ్ళినాటి తెల్లచీర ఆ ఎరుపు ఎక్కి, ఏ రంగో చెప్పలేని రంగుకు తిరిగింది. నేను బాధపడుతుంటే వదిన ఆ చీరను వెలుతురుకు పట్టి చూసి, ఈ రంగు డబ్బాల్లో దొరకదు, జాగ్రత్తగా దాచుకో అంది. ఆవిడ ఎలాంటి మనిషో నాకు కొంచెం అప్పుడే తెలిసింది.

ఆవిడ ఒక ఆడపిల్లల బడిలో డ్రాయింగు టీచరు. మంచి మాటకారి. మమ్మల్నందరినీ నవ్వించేదీ ఆవిడే, వేడివేడి మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టించుకుని వచ్చి మేడమీద కూర్చోబెట్టి తినిపించేదీ ఆవిడే. కాని ఏడాదిలో కొన్ని రోజులు, ముఖ్యంగా ముసురు పట్టినప్పుడు, ఉన్నట్టుండి మాటలు తగ్గిపోయేవి. కోపం కాదు, ఏడుపు కాదు. బడికి వెళ్ళేది, వచ్చేది, కిటికీ దగ్గర కూర్చునేది. చుట్టుపక్కలవాళ్ళు గాలి సోకిందన్నారు. అత్తగారు ఎక్కడెక్కడికో తీసుకెళ్ళి తాయెత్తులు కట్టించారు. డాక్టరుగారు బలానికి టానిక్కు రాశారు. పెళ్ళిచూపులకు వచ్చిన ఒకాయనైతే, పిల్ల బాగానే ఉంది గాని నవ్వదేమిటండీ అని మొహం మీదే అడిగాడట. అడిగేముందు మీరొక మంచి హాస్యం చెప్పి ఉండాల్సింది అని వదిన జవాబిచ్చిందనీ, ఆ సంబంధం అక్కడితో తప్పిపోయిందనీ మావారు నవ్వుతూ చెప్పేవారు.

మా అత్తగారికి ఒక పట్టింపు ఉండేది. ఆడపిల్ల చెంపన చెయ్యి పెట్టుకుని కూర్చోకూడదు. అలా కూర్చుంటే ఇంటికి అరిష్టమని ఆవిడ నమ్మకం. వదిన కిటికీ దగ్గర అలాగే కూర్చునేది. “సెయ్యి తియ్యే” అని వంటింట్లోంచి కేక వినబడేది. వదిన తీసేసి, కాసేపటికి మళ్ళీ పెట్టేది. ఒకసారి మేడమీద వడియాలు పెడుతూ, ఎందుకు వదినా ఆవిడ మాట వినవు అని అడిగాను. ఆ సాయంత్రం ఆవిడ చెప్పిన సంగతులు నాకీనాటికీ బాగా గుర్తే. దేశదేశాల చిత్రకారులు, ఒకరి ముఖం ఒకరు ఎరగనివాళ్ళు, దిగులుపడే మనిషిని గీయాలనుకున్నప్పుడు చెంపనే చెయ్యి పెట్టి గీశారట. విచిత్రమేమిటంటే ఆలోచించే మనిషిని గీయాలన్నా అలాగే గీశారట. పడమటి దేశాల పాతకాలపు వైద్యులు ఒంట్లో నల్లటి పైత్యం పెరిగితే దిగులొస్తుందనుకున్నారనీ, కొన్నాళ్ళకు అక్కడి పండితులే ఆ నల్లటి పైత్యం లేనివాడు కవి కాలేడని వాదించడం మొదలుపెట్టారనీ చెప్పింది. మన పెద్దలు శోకాన్ని పారబోయలేదు, దాన్ని వడగట్టి కరుణ అని పేరు పెట్టి రసాల మధ్య కూర్చోబెట్టారు చూడు, అంది. ఇదంతా ఆవిడకు ఎవరూ పాఠం చెప్పలేదు. బడి వదిలాక గ్రంథాలయంలో కూర్చుని, ఇంగ్లీషు పుస్తకాలను నిఘంటువు పక్కన పెట్టుకుని, తన స్వభావానికి ఈ లోకంలో చుట్టాలెవరైనా ఉన్నారేమోనని వెతుక్కుంది. ఉన్నారని తెలిసి ఆవిడ ఎంత ధైర్యం తెచ్చుకుందో చెబుతున్నప్పుడు, పిండి అంటిన చేతులతోనే నేను అలా చూస్తూ ఉండిపోయాను.

పెళ్ళయిన కొన్నాళ్ళకు నేను పురిటికి పుట్టింటికి వెళ్ళాను. మగపిల్లవాడు పుట్టాడు. ఒక్క పూట ఉన్నాడు. ఇంతకంటే ఎక్కువ చెప్పడం ఈ వయసులోనూ నాకు చేతకాదు.

తిరిగి వచ్చేసరికి అత్తగారు ఇల్లంతా సర్ది ఉంచారు. ఉయ్యాల కోసమని దూలానికి కొట్టించిన కొక్కేనికి ఉల్లిపాయల బుట్ట తగిలించారు. నా కళ్ళకు అది ఖాళీగా కనబడకూడదని ఆవిడ తాపత్రయం. వచ్చినవాళ్ళందరూ ఒకే మాట చెప్పారు, మర్చిపో అని. చిన్నదానివి, ఏడాది తిరిగేసరికి ఒళ్ళో ఇంకొకడుంటాడు, మర్చిపో. మావారు నా ముందు ఆ మాటే ఎత్తేవారు కాదు. ఆయన మాత్రం ఏం చేస్తారు, ఆయనకూ అదే చెప్పి ఉంటారు. నేను వంట చేసేదాన్ని, నీళ్ళు పట్టేదాన్ని, ఎవరైనా వస్తే నవ్వేదాన్ని కూడా. ఆ నవ్వు చూసి కోడలు కోలుకుందని అత్తగారు దేవుడికి దీపం పెట్టారు. రాను రాను నాకు తిండి రుచి తెలియడం మానేసింది. ఉప్పు వేశానో లేదో తెలిసేది కాదు. కూరలో రెండోసారి ఉప్పు పడ్డప్పుడు వదిన ఒక్కతే ఏమీ అనకుండా తిని, చెయ్యి కడుక్కుని నా దగ్గరికి వచ్చింది.

“మరదలా, సాయంత్రాలు బొమ్మ గీసుకోడానికి నాకొక మనిషి కావాలి. వస్తావా?”

“నేనేం చెయ్యాలి వదినా?”

“ఏటీ సెయ్యక్కర్లేదు. కూకోవాలి, అంతే.”

బడిలో మాట్లాడే భాష వదిలి ఇంటి భాషలోకి దిగిందంటే ఆవిడ మనసు మెత్తబడిందని గుర్తు.

బడి నుంచి ఆవిడ వచ్చాక ఇద్దరం బస్సెక్కి జాలరిపేట వెళ్ళేవాళ్ళం. ఒడ్డుకు లాగి బోర్లించిన తెప్పల పక్కన, ఇసకలో నన్ను కూర్చోబెట్టి, చెంపన చెయ్యి పెట్టుకోమంది. రెండో చెయ్యి ఒళ్ళో వెల్లకిలా ఉంచమంది. నాకు భయమేసింది. అత్తయ్యగారు చూస్తే, అన్నాను. “అమ్మ ఇక్కడికి రాదులే” అంది. వలలూ, ఎండుచేపల వాసనా, ఒడ్డున ఆడుకునే పిల్లలూ, దూరాన రేవులోకి పిలుపు కోసం లంగరేసుకుని నిలబడ్డ ఓడలూ, వీటి మధ్య నేను ఏ పనీ లేకుండా, ఎవరికోసమూ ముఖం సర్దుకోకుండా కూర్చున్నాను. బిడ్డ పోయాక అలా కూర్చోవడం అదే మొదలు.

గంపలో చేపలు పెట్టుకుని అమ్మే ఒకావిడ మమ్మల్ని రోజూ చూస్తూ ఉండేది. ఒకనాడు ఆగలేక దగ్గరికి వచ్చింది.

“ఏటమ్మా పంతులమ్మా, పిల్లని ఇలగ ఏడుపు మొకంతో గీత్తన్నావు? కూసింత నవ్వమను, బాగుంతాది.”

“దానికి నవ్వు రాట్లేదమ్మా. వచ్చిన్నాడు అదీ గీత్తాను” అంది వదిన.

ఆవిడ నా వంక కాసేపు చూసింది. ఏమనుకుందో, గంప తెచ్చి నా పక్కనే దించుకుని, బొమ్మ చూద్దామని ఎగబడుతున్న పిల్లల్ని అదిలించింది. “కూకో తల్లీ. నానీ పక్కనే ఉంతాను” అంది. ఆ తరవాత మేము వెళ్ళినన్నాళ్ళూ ఆవిడ బేరాలన్నీ అక్కడే జరిగాయి.

ఒక సాయంత్రం, ఎందుకో తెలియదు, నేను పిల్లవాడి గురించి చెప్పడం మొదలుపెట్టాను. గోళ్ళు ఎంత పొడుగ్గా ఉన్నాయో, పిడికిలి ఎలా మూసుకున్నాడో. వదిన కుంచె ఆపలేదు. నేను ఏడుస్తున్నా ఆపలేదు. చాలాసేపటికి, ఎవరో ఊళ్ళో ఉన్న మేనల్లుడి గురించి అడిగినట్టు, ఒక మాట అడిగింది.

“జుట్టు ఒత్తుగా ఉండేదా?”

ఉండేది వదినా, నల్లగా, మెడ దాకా ఉండేది అన్నాను. వాడు ఎలా ఉండేవాడో నన్ను అడిగిన మనిషి ఈ లోకంలో ఆవిడొక్కతే. మిగతావాళ్ళందరూ వాణ్ణి నాలోంచి తుడిచేద్దామని చూశారు, నా మంచికోసమే. ఆవిడ ఒక చిత్తు కాగితం తీసి, దాని మీద వాడికి జుట్టు గీసింది. ఆ రాత్రి కూరలో ఉప్పు తక్కువైందని నాకే తెలిసింది.

బొమ్మ పూర్తయ్యేసరికి వానలు దగ్గరపడ్డాయి. బూడిదరంగు సముద్రం, బోర్లా పడుకున్న తెప్ప, దాని పక్కన చెంపన చెయ్యి పెట్టుకున్న ఒక ఆడమనిషి. ముఖంలో ఏడుపు లేదు. ఏదో బరువైన వస్తువును జాగ్రత్తగా పట్టుకున్న మనిషిలా ఉంది. నేనింత అందంగా ఉన్నానా వదినా అంటే, నువ్వు కాదే, నీ దిగులు అంది.

ఆ ఏడు పాత ఊళ్ళో ఒక హాలులో స్థానిక చిత్రకారులు ప్రదర్శన పెట్టారు. వదిన ఆ బొమ్మ పంపింది. ఎలాగైనా అందరం వెళ్ళాలని మావారు పట్టుబట్టారు. అత్తగారికి బొమ్మ సంగతి తెలియదు. వదినా నేనూ దారంతా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూనే ఉన్నాం. ముఖ్య అతిథి ఒక పెద్ద ఆఫీసరు. వదిన పనిచేసే బడి కమిటీలో ఆయన మాటకు చాలా విలువ ఉండేది, వదిన ఉద్యోగం పర్మనెంటు కావలసిన కాగితం కూడా అప్పుడు ఆ కమిటీ ముందే ఉంది. ఆయన బొమ్మలన్నీ చూస్తూ వచ్చి ఈ బొమ్మ దగ్గర ఆగిపోయాడు. రంగులు మెచ్చుకున్నాడు, సముద్రాన్ని మెచ్చుకున్నాడు. ఊరికి ఉక్కు ఫ్యాక్టరీ వస్తోంది, కొత్త కొత్త అతిథి గృహాలు లేస్తున్నాయి, అలాంటి చోట గోడకు పెట్టించే పూచీ నాది అన్నాడు. అంతవరకూ బాగానే ఉంది.

“ఒక్కటే చిన్న మార్పు చెయ్యండి టీచరుగారూ. ఆ ఒళ్ళో ఒక పసిబిడ్డను పెట్టండి. బొమ్మ ఎంత నిండుగా ఉంటుందో!”

ఆయనకు ఏమీ తెలియదు. దుర్మార్గుడేమీ కాదు, నవ్వుతూ, సాయం చేస్తున్నాననుకునే అన్నాడు. మావారు నా మోచెయ్యి పట్టుకున్నారు. వదిన తడుముకోకుండా జవాబిచ్చింది.

“ఆ ఒడి ఖాళీగా ఉందనే ఈ బొమ్మ గీశానండీ. నింపితే ఇది వేరే బొమ్మ అయిపోతుంది. అది నేను గీయలేను.”

ఆయన నవ్వు తగ్గింది. పక్కనున్న చిత్రకారుల సంఘంవాళ్ళు కంగారుపడ్డారు. ఒకాయన వదినకు కళ్ళతో సైగ చేస్తున్నాడు, సరే అనమని. ఏడుపుమొహాలు చూడటానికి జనం ఎందుకొస్తారమ్మా అని ఆఫీసరుగారు కాస్త గట్టిగానే అన్నారు. అప్పుడు మా అత్తగారు ముందుకు వచ్చారు. నలుగురిలో నోరెత్తే మనిషి కాదు. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, ఆఫీసరుగారి వంక కాకుండా బొమ్మ వంకే చూస్తూ మాట్లాడారు.

“ఉండనీండి బాబూ. దాన్నలగే ఉండనీండి. నాను గూడా అలగే కూకున్నాను, నా పెద్దోడు పోయినప్పుడు. నన్నెవులూ సూడనేదు.”

ఆఫీసరుగారు ఆవిడకు చేతులు జోడించి పక్క బొమ్మకు వెళ్ళిపోయారు.

మావారికి ముందు ఒక అన్న ఉండేవాడని నాకు ఆ క్షణం దాకా తెలియదు. మావారికీ సరిగ్గా తెలియదు. వదినకు మాత్రం లీలగా గుర్తుందట, తన వెనకే పాకుతూ వచ్చే ఒక పిల్లవాడు. ఇంటికి వచ్చే దారిలో రిక్షాలో అత్తగారు వదినకూ నాకూ మధ్య కూర్చుని వాడి గురించే చెప్పారు, నుదుటి మీద సుడి ఉండేదని, బెల్లం ముక్క కనిపిస్తే చాలు ఎవరి దగ్గరికైనా పోయేవాడని. ఇన్నేళ్ళూ ఆ సంగతులన్నీ ఆవిడ ఎక్కడ దాచుకున్నారో! ఇంటికి వచ్చాక ఉల్లిపాయల బుట్ట కొక్కెం మీంచి ఆవిడే తీసేశారు. మళ్ళీ ఎప్పుడూ వదినను తాయెత్తులకు తీసుకెళ్ళలేదు. ముసురు పట్టి వదిన కిటికీ దగ్గర కూర్చుంటే, టీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి, “సల్లారిపోద్దే” అని మాత్రం అనేవారు.

వదిన ఉద్యోగం పర్మనెంటు కావడానికి తరవాత చాలా ఏళ్ళు పట్టింది. ఆఫీసరుగారే అడ్డుపడ్డారో, ఫైలు దానంతటది ఆలస్యమైందో నాకు తెలియదు, తెలియని మాట అనకూడదు. ఆవిడ దానికి బాధపడలేదని చెప్పను. దిగులు ఎప్పుడూ గొప్పదే అని కూడా చెప్పను. తల దువ్వుకోకుండా, ఎవరు పలకరించినా పలకకుండా ఆవిడ గడిపిన రోజులు చూసి మేము భయపడ్డాం. ఒక ఏడు బాగా కష్టమైతే పెద్దాసుపత్రిలో డాక్టరుకు చూపించాం, మందులు వాడింది, కోలుకుంది. కాని కోలుకున్న ప్రతిసారీ ఆవిడ చేతుల్లో ఏదో ఒకటి ఉండేది, ఒక బొమ్మో, బడి పిల్లలకు చెప్పడానికి ఒక కొత్త సంగతో. ఆ దిగులు లోపలికి వెళ్ళి ఒట్టి చేతులతో ఎప్పుడూ తిరిగి రాలేదు. నేను ఆవిడలో మెచ్చుకునేది అదే.

ఎనభయ్యో దశకం మధ్యలో, ఉక్కు ఫ్యాక్టరీ పనుల కోసం గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి మావాళ్ళెందరో ఊళ్ళోకి దిగుతున్న రోజుల్లో, మహిళా సంఘంవాళ్ళు గ్రంథాలయంలో ఆవిడ చేత మాట్లాడించారు. కొత్త ఊళ్ళో పొద్దుపోని ఆడవాళ్ళు చాలామంది వచ్చారు. నేను మా అమ్మాయిని ఎత్తుకుని ముందు వరసలోనే కూర్చున్నాను. వదిన దిగులు గురించే మాట్లాడింది. బెంగ మనిషి మీద పడుతుంది, ఊరి మీద పడుతుంది, దానికి దిక్కు తెలుసు. గుబులు రాబోయేదాని గురించి. విచారం ఒక కారణం పట్టుకుని ఉంటుంది. వెలితి ఉన్నదాని మధ్యలో లేనిది. దిగులుకు మాత్రం ముఖం లేదు, అందుకే కవులూ చిత్రకారులూ దానికి ముఖం ఇవ్వాలని ఇన్ని యుగాలుగా పాటుపడుతున్నారు, అంది. మీకు వచ్చింది ఏదో పేరు పెట్టి పిలవండి, పిలిస్తే పలుకుతుంది అంది. వెనక వరసలో ఒక చిన్న వయసు ఇల్లాలు, నాది బెంగేనండీ, మా ఏలూరు మీద అని పైకే అనేసింది. అందరూ నవ్వారు. నవ్వుతూనే కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

వదిన రిటైరై, మా దగ్గరే ఉండి, కొన్నేళ్ళ కిందట వెళ్ళిపోయింది. ఉప్పుగాలికి ఆ బొమ్మ అంచులు పొరలు లేచాయి గాని మా అమ్మాయి ఇంట్లో గోడ మీద ఇంకా ఉంది. ఆవిడ పోయాక నెల రోజులు నేను ఏ పనీ పెట్టుకోలేదు, ఎవరు మర్చిపొమ్మన్నా మర్చిపోలేదు.

మా మనవరాలు అచ్యుతాపురంలో ఒక కంపెనీలో పనిచేస్తుంది. మొన్న వచ్చినప్పుడు సోఫాలో ముడుచుకుని పడుకుని, మూడ్ బాలేదు అమ్మమ్మా అంది. బెంగా, గుబులా, వెలితా, దిగులా అని అడిగాను. అది ఫోను పక్కన పెట్టి లేచి కూర్చుంది. “అవన్నీ వేరే వేరేనా?” అని నిజంగా ఆశ్చర్యపోయింది. చెప్పడం మొదలుపెట్టాను, రెండో మాట దాకా వచ్చానో లేదో కంపెనీ బస్సు వచ్చే వేళయింది. ఇప్పుడు మంచి డాక్టర్లున్నారు, మందులున్నాయి, మనసు బాలేదని పైకి చెప్పుకున్నా ఎవరూ గాలి సోకిందనరు, అందుకు నాకు ఎంతో ఊరట. కాని మా రోజుల్లో దిగులుకు ఇంట్లో ఒక కిటికీ పక్కన చోటుండేది, దాన్ని పిలవడానికి ఇన్ని మాటలుండేవి. ఆ పిల్ల చెప్పులు తొడుక్కుంటూ, మిగతాది వచ్చేవారం చెప్పు అమ్మమ్మా అని, తనలో ఉన్నదేదో దానికి ఇంకా పేరు తెలియకుండానే, మెట్లు దిగి వెళ్ళిపోయింది.